దేవుడి బియ్యంలో తాళంచెవి

డెబ్భైల్లో నర్సీపట్నంలో ఎవరింట పెళ్ళి కుదిరినా ముందుగా ఒక మనిషిని పంపి కనుక్కునేవారు, ఆ రోజుకి ప్రేమరాజుగారి కారు ఖాళీయేనా అని. పంతులుగారు పెట్టిన ముహూర్తమైనా, చర్చిలో పాస్టరయ్యగారు చెప్పిన తేదీ అయినా, ప్రేమరాజు తల అడ్డంగా ఊపితే ఇంకో రోజు చూసుకోవలసిందే. అమ్మాయిని ఆ నల్లకారులో ఊరేగించకుండా పంపించడం ఆడపెళ్ళివారికి నామోషీగా ఉండేది.

నిజానికి ఆ కారు ప్రేమరాజుది కాదు. మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన డాక్టరు దొరసానిది. స్వాతంత్ర్యం రాకముందెప్పుడో ఓడలో తెప్పించుకున్న ఆస్టిన్ కారు అది. ముందు రెండు గుండ్రటి పెద్ద లైట్లు, పక్కన కాలు మోపి ఎక్కడానికి మెట్టు, వెనక ట్రంకుపెట్టెలా పొడుచుకొచ్చిన డిక్కీ. దొరసాని దాన్నేసుకుని కొయ్యూరు కొండల దాకా వెళ్ళి మందులిచ్చి వచ్చేది. దాన్ని తుడవడానికి చేరిన ప్రేమరాజు పోనుపోను డ్రైవరయ్యాడు. స్టీరింగు చేతికిచ్చిన రోజునే ఆవిడ ఒక మాట చెప్పింది.

“రాజూ, ఇది రోగుల బండి. అవసరంలో ఉన్నవాళ్ళ బండి. నీ ఇంటివాళ్ళ షికార్లకి కాదు.”

అరవైల్లో ఆవిడ తన దేశం వెళ్ళిపోతూ కారుని చర్చి సంఘానికి రాసిచ్చి, తాళంచెవి మాత్రం ప్రేమరాజు అరచేతిలో పెట్టింది. రెండో తాళంచెవి పొరపాటున ఆవిడ సామానులో కలిసి ఓడెక్కి పోయింది. ఆస్పత్రికి జీపు వచ్చేశాక ముసలికారుకి పనిలేక పెళ్ళికూతుళ్ళని ఎక్కించుకోవడం మొదలైంది. పెళ్ళికూతురు కూడా అవసరంలో ఉన్న మనిషే కదా అని ప్రేమరాజు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఇంటివాళ్ళ విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ లేదు. దొరసాని ఒక పాలు చెబితే ఈయన పది పాళ్ళు పాటించాడు. భార్య దయావతి ఆ కారెక్కింది ఒక్కసారే, కాన్పు కష్టమైనప్పుడు. అప్పుడామె రోగి కాబట్టి చెల్లింది. ఆ కాన్పులో పుట్టిన కరుణకుమారిని మాత్రం కారు మెట్టు మీద కూడా నిలబడనిచ్చేవాడు కాదు.

“నీ పెల్లినాడు ఎక్కుదువులే తల్లీ. ఆరోజు రాణీలాగ కూకోబెడతాను,” అనేవాడు.

ఆ పిల్ల ఏడ్చి గోల చేసే రకం కాదు. సరేనని తల ఊపి ఆడుకోడానికి పోయేది. పిల్లకి ఎంత బుద్ధో అని తండ్రి మురిసిపోయేవాడు.

కారుకి ఒకటే రోగం, ఎలకలు. తలుపులన్నీ తాళం వేసి ఉన్నా, నెలకోసారైనా వెనకసీటు మీద చింతగింజలో, జాంపండు ముక్కో, చెరుకు పిప్పో కనిపించేది. ప్రేమరాజు బోను పెట్టాడు. బోనులో పెట్టిన కొబ్బరిముక్క కూడా మాయమైంది గాని ఎలక పడలేదు. “ఇవి చదువుకున్న ఎలకలే,” అని దయావతితో అనేవాడు. ఆ చదువు ఎక్కడిదో తర్వాత తెలిసింది.

ఇక తాళంచెవి సంగతి. వానాకాలంలో దానికి తుప్పు పట్టకుండా ప్రేమరాజు బియ్యంలో దాచేవాడు. మామూలు బియ్యంలో కాదు, దేవుడి బియ్యంలో. ఆ సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తారు. కుండ నిండితే చర్చికి ఇస్తారు. అది దేవుడి సొమ్ము కాబట్టి చంటిపిల్లలు కూడా అందులో చెయ్యి పెట్టరు. ఇంతకంటే భద్రమైన చోటు బ్యాంకులో కూడా ఉండదని ప్రేమరాజు నమ్మకం. వానాకాలం పోయినా అలవాటు పోలేదు. కుండ చర్చికి వెళ్ళే ముందు దయావతి తాళంచెవి తీసి మొగుడి చేతిలో పెట్టేది. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా తేడా రాలేదు.

కరుణకుమారికి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు మార్కు యలమంచిలి రైల్వేస్టేషన్లో పనిచేస్తాడు. పద్ధతైన కుర్రాడు. ఫిబ్రవరిలో పెళ్ళి పెట్టుకున్నారు. ఆ నెల్లాళ్ళూ ప్రేమరాజు కారుని చూసుకున్నట్టు దయావతి పెళ్ళికూతుర్ని కూడా చూసుకోలేదు. నల్లరంగుకి మెరుగు పెట్టాడు, ఇత్తడి పిడులు చింతపండుతో తోమాడు, సీటుకి ఎర్ర మఖమలు కుట్టించాడు. ఊళ్ళో ఎంతమంది ఆడపిల్లల్ని తలుపు తీసి ఎక్కించాడో, చర్చి ముందో పందిరి ముందో ఆపి, “దిగమ్మా, మెల్లిగా,” అని చెయ్యందించాడో. ఇన్నాళ్ళకి తన పిల్ల వంతొచ్చింది. ఆయన జీవితంలో ఇంత గట్టిగా కోరుకున్నది ఇంకోటి లేదు.

పెళ్ళికి ముందురోజు ఇల్లు చుట్టాలతో కిక్కిరిసిపోయింది. ఒక పక్క నూనె చేతుల పిల్లలు, ఒక పక్క పొయ్యి మసి. తెల్లటి పెళ్ళిచీర ఎక్కడ పెట్టినా మరక పడేలా ఉంది. ప్రేమరాజుకి మంచి ఆలోచన వచ్చింది. చీర, ముసుగు బట్ట, కొత్త చెప్పులు అన్నీ అట్టపెట్టెలో సర్ది కారు వెనకసీటు మీద పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఎప్పట్లాగే కుండలో గుచ్చాడు.

తెల్లారింది. కరుణకుమారి తలంటి పోసుకుని పాత లంగావోణీలో జుట్టు ఆరబెట్టుకుంటోంది.

“ఏటండీ, తాలంసెవి ఇవ్వండి బేగి. పిల్లకి సీర కట్టాల,” అంది దయావతి.

“కుండలో ఉంది గదే, తీసుకో.”

“ఏ కుండలో?”

“ఏ కుండేటే? దేవుడి బియ్యం కుండలో.”

దయావతి గోడకి చేరబడిపోయింది. ఆ సంఘంలో ఇంకో వాడుక ఉంది. ఎవరింట పెళ్ళయినా, అందరిళ్ళలోని పిడికెడు బియ్యమూ పోగుచేసి పెళ్ళి వంటలో కలుపుతారు. ఆ భోజనంలో ప్రతి ఇంటి చెయ్యీ ఉండాలని. వంటమనిషి కొండలమ్మ చీకటితోనే గోనెసంచి పట్టుకుని వచ్చింది. పెళ్ళింటివారిదే తొలి పిడికెడు కావాలంది. పెళ్ళిరోజు కదా, తాళంచెవి మొగుడి జేబులోనే ఉంటుందనుకుని దయావతి తన చేతులతోనే కుండ గోనెలో గుమ్మరించేసింది.

ప్రేమరాజు పంచె ఎగ్గట్టి చర్చి వెనక పొయ్యిల దగ్గరికి పరిగెత్తాడు.

“ఓలప్పో!” అని కొండలమ్మ గరిట వదిలేసి బుగ్గలు నొక్కుకుంది. “బియ్యం కడిగీడం అయిపోనాది, ఎసట్లో పోసీడం అయిపోనాది. ఇన్ని గుండిగలు ఉడుకుతన్నాయి, దేన్లో దేవమంటారు బాబూ?”

ప్రేమరాజు గుండిగల వంక చూశాడు. అన్నిట్లోనూ అన్నం కుతకుతమంటోంది. వచ్చినంత వేగంగానే తిరిగి వెళ్ళాడు.

కబురు ఊరంతా పాకింది. పెళ్ళికి పిలవనివాళ్ళు కూడా ఇంటి ముందున్న కారు చుట్టూ చేరారు. కంసాలి మత్స్యలింగం తన ఊసలూ శ్రావణాలూ పట్టుకొచ్చి తాళం ముందు గొంతుక్కూర్చున్నాడు. చెవి ఆనించి విన్నాడు, ఊదాడు, ఊస తిప్పాడు. ఇదిగో అదిగో అంటూనే ఊస లోపల విరగ్గొట్టుకున్నాడు.

“ఇది సీమతాలం రాజుగారూ. మన ఊసకి లొంగదు,” అని తేల్చేశాడు.

పెదబొడ్డేపల్లి చెరుకు రైతు తాతబ్బాయి ప్రేమరాజుకి పాత స్నేహితుడు. అతని ముగ్గురు కూతుళ్ళూ ఈ కారెక్కే అత్తారిళ్ళకి వెళ్ళారు. తలుపు పట్టుకుని ఊపి చూశాడు. కారు ఊగింది గాని తలుపు రాలేదు.

“డిక్కీలోంచి దూరితే బావా? దానికి తాలం నేదు గదా, తాడే గదా?”

“సీటుకీ డిక్కీకీ మజ్జిన సెక్క ఉంది. నానే మేకులు కొట్టీసేను. ఎలక కూడా దూరదు,” అన్నాడు ప్రేమరాజు.

ఎలక దూరకపోతే సీటు మీద చింతగింజలు ఎలా వస్తున్నాయని ఆయన్ని అడగవలసిన మాటే. ఆ గందరగోళంలో అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు.

“పోనీ మా సెరుకు తోలే టాక్టరు తెప్పించీదునా? తోరణాలు కట్టీసి పిల్లని కూకోబెడదాం,” అన్నాడు తాతబ్బాయి. మనసు మంచిదే పాపం.

ప్రేమరాజు కారు దగ్గరికి జరిగాడు. అద్దంలోంచి లోపలికి చూశాడు. ఎర్ర మఖమలు మీద అట్టపెట్టె చక్కగా కూర్చుని ఉంది. చర్చిలో మొదటి గంట కొట్టారు.

“అద్దం బద్దలుకొట్టీ బావా. తరవాత ఏయించుకోవచ్చు.”

“ఎక్కడేయిస్తావు? ఈ అద్దం ఇప్పుడు సీమలో కూడా దొరకదు.”

అలా అన్నాడే గాని, ఆ మాట అంటూనే వంగి రాయి తీశాడు. జనం వెనక్కి జరిగారు. కారు మీద ఎవరైనా చెయ్యి వేస్తే చొక్కాతో తుడిచేసే మనిషి రాయి పట్టుకున్నాడు. కండువా చేతికి చుట్టుకున్నాడు.

“అమ్మగారూ, సెమించండి,” అన్నాడు, దొరసాని ఎదురుగా ఉన్నట్టే. “నాకు మాత్రం పిల్లే ముక్యం.”

“నాన్నా, ఆగు!”

తడిజుట్టు ముడేసుకుంటూ కరుణకుమారి వచ్చింది. జనాన్ని తప్పుకోమని కారు వెనక్కి వెళ్ళింది. డిక్కీ తాడు ముడి కళ్ళతో చూడకుండానే విప్పేసింది. స్టెప్నీ టైరు పక్కకి తీయించింది. లోపలికి వంగి, చెక్క కిందిభాగాన ఎడంపక్క అరచేత్తో ఒక్కటి కొట్టింది. తన ఇంటి తలుపు తానే తట్టినట్టు కొట్టింది. చెక్క మేకు మీద గిర్రున పక్కకి తిరిగిపోయింది. కింది మేకులెప్పుడో తుప్పు పట్టి ఊడిపోయాయి, పైనున్న ఒక్కటే దాన్ని పట్టుకుని వేలాడుతోంది.

ప్రేమరాజు వంగి ఆ సందులోకి చూశాడు. చేతిలో రాయి ఎప్పుడు జారిపడిందో కూడా తెలియదు.

కరుణకుమారి తల దూర్చింది. భుజాలు దూరాయి. నడుము దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుపోయింది.

“సిన్నప్పుడు బాగానే ఎల్లిపోయీదాన్ని!” అని లోపల్నించి గొంతు వినిపించింది.

సరిగ్గా అప్పుడే యలమంచిలి నుంచి పెళ్ళికొడుకు వాళ్ళ టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి మార్కు తల్లి సువర్ణమ్మగారు పూలదండ పళ్ళెంతో దిగింది. కాబోయే కోడలి మెడలో తన చేత్తో దండ వేద్దామని వచ్చింది. స్కూలు టీచరు, మాట తక్కువ మనిషి.

“వదినగారూ, పెళ్ళికూతురేదండీ?” అంది.

దయావతి డిక్కీ వైపు తిరిగింది. వేలు చూపించింది. డిక్కీలోంచి గోరింటాకు పెట్టిన పాదాలు రెండు బయటికి వచ్చి గాల్లో ఈత కొడుతున్నాయి.

సువర్ణమ్మగారు కాసేపు ఆ పాదాలనే చూసింది. దయావతికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ పూలపళ్ళెం తాతబ్బాయి చేతిలో పెట్టి, చీరచెంగు దోపుకుని, కోడలి అరికాళ్ళకి తన రెండు చేతులూ ఆనించింది.

“ఊపిరి బిగబట్టమ్మా, నేను తోస్తాను,” అంది.

పాదాలు మాయమయ్యాయి. లోపల దభీమని చప్పుడైంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. సువర్ణమ్మగారు కూడా నవ్వింది. టాక్సీలోంచి మార్కు ఏమైందేమైందని తల బయటపెడితే, పెళ్ళికి ముందు చూడకూడదని అందరూ కలిసి లోపలికి నెట్టేశారు.

తలుపు లోపల్నించి తెరుచుకుంది. కరుణకుమారి మోచేతికి గీరుకుపోయి, ముక్కు మీద మసితో, ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని ఎర్ర మఖమలు సీటు మీద కూర్చుని ఉంది. ప్రేమరాజు తలుపు పట్టుకుని వంగాడు.

“ఎప్పుట్నించే?” అన్నాడు.

“బల్లో సేరినకాడ్నించి.”

“మరి ఆ ఎలకలు…”

“నానే. బోనులో కొబ్బరిముక్క కూడా నానే తినీసేను.”

ఆయనకి కోపం రాలేదు. పిల్ల అలా ఎందుకు చేసిందో మాత్రం అర్థం కాలేదు. అదే అడిగాడు.

“ఊల్లో అమ్మాయిలందరూ ఎక్కీవోరు గదా నాన్నా. నువ్వు తలుపు తీసి ‘దిగమ్మా, మెల్లిగా’ అనీవోడివి. మద్దేనం నువ్వు పడుకున్నాక నాను ఎక్కి కూకునీదాన్ని. చింతకాయ తినుకుంటా, ఇప్పుడు మా నాన్న తలుపు తీస్తాడు అనుకునీదాన్ని.” ఇంత చెప్పి, తండ్రి ముఖం చూసి కంగారుపడింది. “నువ్వు తిడతావని సెప్పనేదు. అంతే.”

ప్రేమరాజుకి ఏడుపొచ్చింది. అంతమంది ముందు, పెళ్ళిపెద్ద అయ్యుండి కూడా ఏడ్చాడు. బుద్ధిమంతురాలని మురిసిపోయిన పిల్ల ఇన్నేళ్ళూ తన మాటకి ఎదురు చెప్పకుండానే మనసులో ఎంత దిగమింగుకుందో ఇప్పుడు తెలిసింది. దొరసానికిచ్చిన మాట నిలబెట్టుకోవడం మంచిదే. కానీ పిల్లని ఒక్కసారి సీటు మీద కూర్చోబెట్టి దింపేసి ఉంటే ఆ మాటకి వచ్చే లోటేముంది? అది ఆయనకి అప్పట్లో తట్టలేదు.

“బేగి సీర కట్టుకుని రా తల్లీ,” అని మాత్రం అన్నాడు.

కారు స్టార్టు చేయడానికి తాళంచెవితో పనిలేదు. తాళంచెవి పెట్టి తిప్పే చోటు ఎప్పుడో అరిగిపోతే ప్రేమరాజు ఇంట్లో దీపానికి పెట్టే స్విచ్చి బిగించాడు. ముందుసీటు కిందనుంచి హేండిల్ తీసి, కారు మూతికి గుచ్చి తిప్పాడు. ముసలికారు దగ్గి, తుమ్మి, లేచింది. తెల్లచీరలో కరుణకుమారి బయటికొచ్చింది. ఆయన చొక్కా సర్దుకుని, ఊళ్ళో పిల్లలందరికీ తీసినట్టే తలుపు తీశాడు. “ఎక్కమ్మా, మెల్లిగా.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చర్చి వాళ్ళ వీధి చివరే ఉంది. కారులో కూర్చుని తలుపు వేసుకునేలోపు వచ్చేస్తుంది. రెండో గంట కూడా కొట్టేశారు. పాస్టరయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తుండగా కారు వచ్చింది. వచ్చి ఆగలేదు. చర్చి దాటి అలాగే వెళ్ళిపోయింది.

“రాజూ! ప్రేమరాజూ!” అని అయ్యగారు చెయ్యెత్తారు.

ప్రేమరాజు వినిపించుకోలేదు. అబీద్ సెంటర్లో పెద్ద హారన్ కొట్టి, ఒక చుట్టు తిరిగి, బస్సుల కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా పెదబొడ్డేపల్లి రోడ్డెక్కాడు. రెండు పక్కలా చెరుకుతోటలు. గాలికి ముసుగు బట్ట అద్దంలోంచి బయటికి ఎగిరింది. పక్కన కూర్చున్న దయావతి, “ఎక్కడికండీ, పెల్లి టైమైపోతాంది!” అని ఒకటే గోల.

“నాన్నా, ఎక్కడికి?” అంది కరుణకుమారి.

“షికారుకి,” అన్నాడు ప్రేమరాజు.

పెళ్ళి కాస్త ఆలస్యంగానే అయినా వైభవంగా అయింది. పాస్టరయ్యగారు ప్రసంగంలో సమయపాలన గురించి రెండు మాటలెక్కువ చెప్పారు. భోజనాల్లో మత్స్యలింగం రెండో వడ్డన అన్నం కలుపుతుంటే ముద్దలో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూసుకున్నాడు. సీమతాళంచెవి. పొద్దున్నంతా తన ప్రాణం తీసినది, ఇప్పుడు పప్పులో తడిసి నిగనిగలాడుతోంది. ఆయన దాన్ని పైకెత్తి చూపిస్తే బంతుల్లో అందరూ గొల్లున నవ్వారు. “ఎంత ఉడికించినా మెత్తబడనేదండి!” అంది కొండలమ్మ.

ప్రేమరాజు ఆ తాళంచెవి కడిగి ఇంట్లో మేకుకి తగిలించాడు. మళ్ళీ వాడలేదు. ఆ మర్నాటి నుంచి కారుకి తాళం వేయడమే మానేశాడు. సంఘం పెద్దలు అడిగితే, మత్స్యలింగం ఊస ముక్క లోపల ఇరుక్కుందని చెప్పేవాడు. అది నిజమే గాని, పట్టకారుతో లాగితే వచ్చేస్తుందని ఆయనకీ తెలుసు.

ఎనభైల్లో కారు నడవడం ఆగిపోయాక కూడా చర్చి పక్కన చెట్టుకింద తలుపులు బార్లా తీసే ఉండేది. పెళ్ళికూతుళ్ళు అంబాసిడర్లెక్కి పోయారు. ప్రేమరాజు మాత్రం రోజూ సాయంత్రం వెళ్ళి కారు తుడిచి వచ్చేవాడు. ఒక్కోరోజు వస్తూనే చేతిలోవి దయావతికి చూపించేవాడు, కొన్ని చింతగింజలు, జామకాయ తొడిమ.

“ఎలకలొచ్చినాయే,” అనేవాడు సంతోషంగా.